కమ్యూనిజం అంటే మా బర్రెను కూడా తీసుకుపోవడమా?

కమ్యూనిజం అంటే ఏంటో కొత్తవాళ్లకు అర్థమయ్యేలా చెప్పమన్నారు. నాకు అది మొదట అర్థమైంది కళ్లంలో.

మాది నెల్లూరు జిల్లాలో విడవలూరు పక్క పల్లె. సొంత పొలం లేదు, నాయన మూడెకరాలు కౌలుకు చేసేవాడు. నూర్పిడి కాగానే వడ్లు కొలిచి ముందు ఆసామి పుట్లు పక్కన పోసేవాళ్లు. మా వైపు పుట్టి అంటే 850 కిలోలు. తర్వాత ఎరువుల కొట్టు బాకీ, కోత కూలి. చివర్లో మిగిలిన కుప్ప మాది. ఆసామి చెడ్డవాడేం కాదు, సంక్రాంతికి మాకు బట్టలు పెట్టేవాడు. కానీ ఆ ఏడంతా గట్టు కూడా తొక్కలేదు. భూమి ఆయనది, అంతే.

కమ్యూనిజం పట్టుకునేది ఈ ముడినే. పొలం, మిల్లు, గని లాంటి సంపద పుట్టించేవన్నీ కొద్దిమంది చేతిలో ఉంటే మిగతావాళ్లు వాళ్ల దయ మీద బతకాలి, అందుకే అవి అందరి ఉమ్మడి సొత్తు కావాలంటుంది. ఈ సిద్ధాంతానికి పునాది వేసిన జర్మన్ ఆలోచనాపరులు మార్క్స్, ఎంగెల్స్ 1848 నాటి కమ్యూనిస్టు ప్రణాళికలో చెప్పిన అసలు సంగతి ఇదే. దీనికి తొలి మెట్టు సోషలిజం: సొత్తు ఉమ్మడిది, పంపకం చేసిన పనిని బట్టి. ఆఖరి మెట్టులో ఆస్తి ఉన్నవాళ్లు, లేనివాళ్లు అనే వర్గాలుండవు, ఎవరి శక్తి కొద్దీ వాళ్లు పనిచేసి అవసరం కొద్దీ తీసుకుంటారు. ఆ మెట్టు దాకా ఇంతవరకు ఏ దేశమూ వెళ్లలేదు.

మా ఊళ్లో కమ్యూనిస్టు పార్టీ పెద్దాయన ఒకాయన ఇవన్నీ చెబుతుంటే, అమ్మ పాలు పితుకుతూనే అడిగింది: "అయితే అన్నా, మా బర్రెను గూడా తీసకపోతారా?" ఆయన అన్నాడు: "నీ బర్రె, నీ ఇల్లు జోలికి ఎవరూ రారమ్మా. ఇంకొకళ్ల కష్టం మీద బతికే ఆస్తి గురించే మేం మాట్లాడేది."

సిద్ధాంతం ప్రకారం ఆయన మాట నిజం. పెద్దయ్యాక చదివితే అమ్మ భయమూ ఉత్తది కాదని తెలిసింది. సోవియట్ యూనియన్‌లో 1930 ప్రాంతంలో సమష్టి సేద్యం పేరుతో చిన్న రైతుల పశువులను కూడా బలవంతంగా కలిపేశారు. అప్పగించలేక చాలామంది వాటిని కోసుకున్నారు. ధాన్యం సర్కారు లాక్కుపోయింది, 1932-33 కరువులో లక్షలాది మంది చచ్చిపోయారు. ఈ సంగతి దాచి కమ్యూనిజం గురించి చెప్పడం తప్పని నా నమ్మకం. ఉమ్మడి సొత్తు అంటే దాని తాళాలు ఎవరి దగ్గరుంటాయో కూడా అడగాలి.

అలాగని మా పక్కనున్న అలగానిపాడును మరిచిపోలేను. 1913లో అక్కడ భూస్వాముల ఇంట పుట్టిన కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య, పేరు చివరి రెడ్డి తీసేసి, సొంత ఊరి కూలీలనే సంఘంగా కూడగట్టారు. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లేవారు. మా నాయన తరం కమ్యూనిజాన్ని చూసింది ఆయనలోనే.

నాయన ఇప్పుడు లేడు. ఆ మూడెకరాలు రొయ్యల గుంట అయ్యాయి. కౌలు పుట్లలో కాదు, ముందే డబ్బుగా కట్టాలి. రాత్రిళ్లు టార్చిలైటు పట్టుకుని ఆ గట్టు మీద తిరిగేది మా తమ్ముడు.