గ్రూపులో పార్టీ పేరుతో తిడుతుంటే ఏం చేయాలి?

"అన్నా, మా అపార్ట్‌మెంట్ తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒకాయన మా పార్టీనీ మా కులాన్నీ కలిపి తిడుతున్నాడు, ఊరుకోవాలా, గట్టిగా ఇచ్చుకోవాలా?" అమెరికాకు కొత్తగా వచ్చిన పిల్లలు ఈమధ్య నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. గ్రూపులో జవాబివ్వొద్దు. ఆ మనిషికే ఫోన్ చెయ్యండి, అదీ ఆ రోజే.

2024 జూన్ 4న ఆంధ్రా ఓట్ల లెక్కింపు అక్కడ ఉదయం 8కి మొదలైతే, డాలస్‌లో మాకు ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర. రెండు పార్టీల వాళ్లం ఒకే ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం, బిర్యానీ కూడా కలిసే తిన్నాం. 175 సీట్లలో కూటమికి 164, వైసీపీకి 11 వచ్చాయి. మర్నాడు ఒకాయన ఓడినవాళ్ల కులం ఎత్తి గ్రూపులో ఒక మాట పెట్టాడు, అంతే, పది నిమిషాల్లో నలభై మెసేజ్‌లు. నేనూ ఒకటి రాశాను, దానికి ఇప్పటికీ బాధపడతాను. ఆ గొడవలో పడ్డ రెండు కుటుంబాల ఆడపిల్లలు అప్పటిదాకా ఒకే కారులో కూచిపూడి క్లాసుకు వెళ్లేవారు. ఆ వారం నుంచి రెండు కార్లు.

ఆ మాట పెట్టినాయనకు మూడు వారాలకు నేను ఫోన్ చేస్తే వెంటనే "తప్పయింది, తీసేస్తా" అన్నాడు, కానీ రెండు రోజులు దాటాక వాట్సాప్ పాత మెసేజ్‌ని అందరి ఫోన్లలోంచి తీయనివ్వదు. అందుకే ఆ రోజే అంటున్నా.

అమరావతి మీద, పథకాల మీద, ఉద్యోగాల మీద ఎంత ఘాటుగా వాదించుకున్నా ఫర్వాలేదు, అది మన హక్కు. కులం, నాయకుల ఇంటి ఆడవాళ్లు, ఆంధ్రా-తెలంగాణ యాసను వెక్కిరించడం, ఈ మూడూ వస్తే మాత్రం ఊరుకోకండి. ఫోన్‌కి వినకపోతే అడ్మిన్‌కి చెప్పండి, ఎవరు పెట్టిన మెసేజ్‌నైనా ఆయన తీసేయగలడు. అడ్మిన్ అయినవాళ్లు తమ పార్టీ వాడికి ఒక రూలు, అవతలివాడికి ఒక రూలు పెడితే గ్రూపు నిలబడదు, ఇది నా కళ్లతో చూశాను.

వీసా సంగతి కూడా చూసుకోండి. 2019 నుంచి అమెరికా వీసా ఫారంలో ఐదేళ్ల సోషల్ మీడియా ఖాతాల వివరాలు అడుగుతున్నారు, 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్‌1బీ ఉద్యోగ వీసా, వాళ్ల కుటుంబాలకిచ్చే హెచ్‌4 వీసా వాళ్లు కూడా ఆ ఖాతాలను అందరికీ కనిపించేలా పెట్టాలంటున్నారు. గ్రూపులో మాట స్క్రీన్‌షాట్ అయి ఫేస్‌బుక్‌కి ఎక్కడానికి ఎంతసేపు? దుబాయ్, అబుదాబిలో ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, అక్కడ ఆన్‌లైన్‌లో ఒకరిని తిడితే సైబర్ నేరం కింద 2.5 లక్షల నుంచి 5 లక్షల దిర్హాముల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు.

ఫోన్ ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే "అన్నా, భోంచేశారా" అని మొదలుపెట్టండి. తర్వాత నెమ్మదిగా, "పార్టీని ఎంతైనా అనండన్నా, ఆ ఒక్క మాట మాత్రం తీసేయండి, ఇంట్లో వాళ్లందరూ చూస్తున్నారు" అని చెప్పండి.