మ్యాగ్నెటిజంలో మార్కులు పోతే ఈఈఈ వదిలేయాలా?

ప్రశ్న: మాది హన్మకొండ. బాబు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) చేస్తానంటాడు. ఎలక్ట్రోస్టాటిక్స్‌లో మంచి మార్కులే వస్తాయి. మ్యాగ్నెటిజంలో మాత్రం సగం కూడా రావట్లేదు. కంప్యూటర్ సైన్సే పెట్టించమంటారా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు పంపిన టెస్టు పేపర్లు చూశాను. పోయిన లెక్కలు నాలుగు, తప్పు మాత్రం ఒక్కటే. అయస్కాంత క్షేత్రాన్ని కూడా బాబు విద్యుత్ క్షేత్రంలాగే చూస్తున్నాడు.

రెండు సమాంతర తీగల లెక్కే తీసుకోండి. రెండింట్లోనూ సమానమైన కరెంటు, ఒకే దిక్కుకు పోతోంది. సరిగ్గా నడుమ క్షేత్రం ఎంత? దిక్కు ఒకటే కదా అని రెండూ కూడేశాడు. జవాబు సున్నా! విద్యుత్ క్షేత్రం చార్జ్ నుంచి నేరుగా బయటికి పోతుంది. అయస్కాంత క్షేత్రం తీగను చుట్టుకుని ఉంటుంది. అందుకే నడుమకొచ్చేసరికి ఒక తీగది పైకి, ఇంకోదానిది కిందికి. కలపడం రెండు చోట్లా సదిశల (దిక్కు కూడా ఉన్న రాశుల, అంటే వెక్టర్ల) కూడికే, దిక్కు పట్టడంలోనే మనవాడు దెబ్బతింటున్నాడు. బలం దగ్గరా అదే కథ. కదలని చార్జ్ జోలికి అయస్కాంత క్షేత్రం అసలు పోదు, కదిలేదాన్ని పక్కకు నెడుతుంది.

ఒక చిన్న దిక్సూచి కొనివ్వండి. దానికి సెంటీమీటర్ పైన తీగను ఉత్తర దక్షిణాలుగా పట్టుకుని, బ్యాటరీతో (ఇంటి ప్లగ్గుతో వద్దు) 1 ఆంపియర్ పంపితే తీగ క్షేత్రం 20 మైక్రోటెస్లా. మన దగ్గర భూమి క్షేత్రంలో నేలకు సమాంతరంగా ఉండే భాగం సుమారు 40. కలిస్తే 60 కాదు, 45 లోపే, ఎందుకంటే రెండూ ఒకదానికొకటి లంబంగా ఉన్నాయి. సూది దాదాపు 27 డిగ్రీలు పక్కకు తిరుగుతుంది. అది కళ్లతో చూసినవాడు మళ్లీ ఆ తప్పు చేయడు.

కంప్యూటర్ సైన్స్ నిజంగా ఇష్టమైతే వేరే మాట. ఒక చాప్టర్ భయంతో అటు పోవడం నాకు నచ్చదు. ఎన్‌ఐటీ ఆలోచన ఉంటే జేఈఈ మెయిన్ మీద కూడా దృష్టి పెట్టాలి, ఎప్‌సెట్ ఒక్కటే సరిపోదు.

ఊళ్లో మీకు త్రీఫేజ్ బోరు మోటారు ఉందా? రెండు ఫేజులు తారుమారైతే అది ఉల్టా ఎందుకు తిరుగుతుందో బాబును అడగండి. లోపల మూడు వైండింగుల క్షేత్రాలు కలిసి, తిరిగే క్షేత్రం ఒకటి తయారవుతుంది. వాడు ఆ బొమ్మ గీసి మీకు చెప్పగలిగితే వెబ్ ఆప్షన్లలో ఈఈఈనే ముందు పెట్టండి.