ఆనంద్ సత్యానంద్: జడ్జిగా పనిచేసిన గవర్నర్ జనరల్

"తీర్పులు చెప్పిన జడ్జికి, మంత్రుల సలహా మీద సంతకాలు పెట్టే గవర్నర్ జనరల్ పదవిలో పనేముంటుంది?" అని ఒకరు అడిగారు. నేను ఆక్లాండ్‌లో ఉంటాను కాబట్టి, న్యూజిలాండ్ గవర్నర్ జనరల్‌గా, అంటే ఇక్కడ బ్రిటన్ రాణి ప్రతినిధిగా చేసిన ఆనంద్ సత్యానంద్ గారి సంగతి చెప్తాను.

ఆయన 1944లో ఆక్లాండ్‌లోనే పుట్టారు. నాన్నగారు ముత్యాల సత్యానంద్ ఫిజీ నుంచి వచ్చిన డాక్టరు. ఆనంద్ గారు లా చదివి, లాయరుగా చేసి, 1982లో డిస్ట్రిక్ట్ కోర్టు జడ్జి అయ్యారు. 2006 ఆగస్టులో గవర్నర్ జనరల్ అయ్యారు. భారతీయ మూలాలున్నవాళ్ళు ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. జడ్జి కావడం మాత్రం కొత్తేం కాదు. ఆయనకు ముందున్న సిల్వియా కార్ట్‌రైట్, మైకేల్ హార్డీ బాయ్స్ ఇద్దరూ జడ్జీలే.

అయితే ఆయన్ని ఆ పదవికి తయారు చేసింది కోర్టు కన్నా మధ్యలో అంబుడ్స్‌మన్‌గా చేసిన పదేళ్ళే అని నా గట్టి నమ్మకం. 1995 నుంచి 2005 దాకా ఆయన ఆ పనిలో ఉన్నారు. ప్రభుత్వ ఆఫీసుల మీద జనం చేసే ఫిర్యాదులు వినడం, పైసా తీసుకోకుండా విచారించడం అంబుడ్స్‌మన్ పని. మన లోకాయుక్తకు దగ్గరగా ఉంటుంది. జడ్జిలా ఆదేశించరు, సిఫారసు చేస్తారు.

ఆయన దిగిపోయాక చాలా ఏళ్ళకు నాకూ ఆ ఆఫీసుతో పని పడింది. ఒక ప్రభుత్వ ఆఫీసు నేనడిగిన కాగితాలు ఇవ్వకుండా నాన్చింది. ఇక్కడ సమాచార చట్టం 1982 నుంచే ఉంది, అయినా నా ఉత్తరాలకు జవాబు లేదు. అంబుడ్స్‌మన్‌కు రాస్తే ఒకావిడ ఫోన్ చేసి, ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అని ఓపిగ్గా అడిగి రాసుకున్నారు. నాకు రావలసినవేవో, రానివేవో ముందే చెప్పేశారు. తర్వాత కాగితాలు వాటంతటవే వచ్చాయి. గట్టిగా మాట్లాడినవాళ్ళు ఎవరూ లేరు.

గవర్నర్ జనరల్ చేతిలో ఉన్నదీ ఇలాంటి బలమే. బిల్లు మీద సంతకం మంత్రుల సలహా ప్రకారమే పెట్టాలి, కానీ సందేహం అడగొచ్చు, హెచ్చరించొచ్చు. దానికి అందరూ నమ్మే మనిషి కావాలి.

ఆయన ప్రసంగాల మొదలు చూడండి. ఇంగ్లీషు, మావోరీ, కుక్ ఐలాండ్స్ మావోరీ, నియూ, టోకెలావ్ భాషల్లో పలకరించి, చివర చేతులతో సంజ్ఞాభాషలోనూ నమస్కరించేవారు. చిన్న దీవుల వాళ్ళనూ, చెవులు వినపడని వాళ్ళనూ ముందే లెక్కలోకి తీసుకోవడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

2011లో పదవీకాలం ముగిసింది. తర్వాత 2018లో, ప్రభుత్వ సంరక్షణలో పెరిగిన పిల్లలపై జరిగిన దౌర్జన్యాల మీద వేసిన రాయల్ కమిషన్‌కు మొదటి అధ్యక్షుడిగా ఆయన్నే పిలిచారు.