సోమవారం కాదు, నన్ను కుంగదీసింది గురువారం

అందరూ సోమవారానికి భయపడతారు, నాకు మాత్రం గురువారానికే ఒళ్లు హూనమవుతోంది, ఇది మామూలేనా అని మీరు అడిగారు. నాదీ అదే అనుభవం. బెంగళూరులో తొమ్మిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను.

మొదట్లో నేనూ సోమవారాన్నే తిట్టుకునేదాన్ని. ఆదివారం రాత్రి కడపలో బస్సెక్కి, తెల్లవారుజామున కేఆర్ పురంలో దిగి, తొమ్మిదిన్నరకల్లా సీట్లో కూర్చునేదాన్ని. అలసట నిజమే గానీ ఆ రోజు పని తక్కువ. మా క్లయింటుది కాలిఫోర్నియా. మనకు సోమవారం ఉదయమంటే వాళ్లకింకా ఆదివారం రాత్రే, మెయిళ్లు రావు.

అసలు కష్టం మంగళవారం మొదలవుతుంది. ఆఫీసుకు తప్పకుండా రావాల్సినవి మంగళ, బుధ, గురువారాలు. పగలు మారతహళ్లి ట్రాఫిక్, రాత్రి క్లయింటుతో కాల్. వాళ్ల ఉదయం ఎనిమిదిన్నర వేసవిలో మనకు రాత్రి తొమ్మిది. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పగానే అదే కాల్ పదింటికి జరుగుతుంది. ఫోన్ పెట్టేసినా బుర్ర ఆగదు, నిద్రపట్టేసరికి ఒంటిగంట. అలా రెండు రాత్రులు పోయిన నిద్ర గురువారం బయటపడుతుంది.

ఆరు వారాలు రోజూ మధ్యాహ్నం మూడింటికి ఓపికకెంత, టెన్షన్‌కెంత అని పదికి మార్కులు వేసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. టెన్షన్ బుధవారం ఎక్కువ, ఓపిక గురువారం తక్కువ. రెండూ ఒకే రోజున ఉంటాయనుకున్నాను, కాదు. శుక్రవారం ఒంట్లో సత్తువ లేకపోయినా, ఊరికి టికెట్ ఉంటే మనసు తేలికగానే ఉండేది.

శని, ఆదివారాలు పదింటిదాకా పడుకుంటే లోటు తీరుతుందనుకోవడం నా పొరపాటు. ఆదివారం రాత్రి నిద్ర పట్టేదే కాదు. సెలవు రోజుల్లో నిద్రవేళలు ఇలా జరిగిపోవడానికి 2006లో నిద్రవేళలపై పరిశోధన చేసే టిల్ రోనెబెర్గ్ బృందం 'సోషల్ జెట్‌లాగ్' అని పేరు పెట్టింది. ఊరు కదలకుండానే వేరే దేశం వెళ్లొచ్చినట్టు ఉంటుంది, నిజంగా.

నోట్‌బుక్ మా మేనేజర్‌కు చూపించాను. బుధవారం కాల్ మానేసి, దాని బదులు సాయంత్రం వివరాలు రాసి పంపడానికి ఒప్పుకున్నారు. ఆ ఒక్క రాత్రి నిద్రతోనే గురువారం మారిపోయింది. బుర్ర పెట్టాల్సిన పని మంగళవారం ఉదయం చేస్తాను, గురువారం మధ్యాహ్నానికి టెస్ట్ రిపోర్టులే ఉంచుకుంటాను. ఊరి నుంచి ఆదివారం పగలే బయల్దేరుతున్నాను, అమ్మకు అదొక్కటే బాధ.

మీరు కూడా ముందు కొన్ని వారాలు రాసి చూడండి. రోజుతో సంబంధం లేకుండా వారమంతా నీరసంగానే ఉంటే మాత్రం హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. మా టీంలో ఒకమ్మాయి ఏడాదిపాటు పని ఒత్తిడే అనుకుంది, తీరా చూస్తే రక్తహీనత.