కొండదారి నడకలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నాకు నలభై రెండేళ్లు. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం. రోజూ ఉదయం మైదానంలో ఐదు కిలోమీటర్లు నడుస్తాను. మా సహోద్యోగులు డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరానికి వెళ్దామంటున్నారు. ఈ నడక సరిపోతుందా? ఇంకా ఏ విధంగా సిద్ధపడాలి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట

జవాబు: రోజూ నడిచే అలవాటు మంచి పునాదే గానీ, కొండదారిని కిలోమీటర్లతో మాత్రమే కొలిస్తే లెక్క తప్పుతుంది. ఎంత దూరం నడవాలన్నదానితో పాటు ఎంత ఎత్తు ఎక్కాలన్నది కూడా చూడాలి. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: నడిచే ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, దాని మీద ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. ఈ లెక్కన పది కిలోమీటర్ల దారిలో 600 మీటర్లు ఎక్కవలసి ఉంటే మూడు గంటలు పడుతుంది. అయితే ఇది కొండలకు అలవాటుపడినవారి లెక్క, ఇందులో కూర్చుని మంచినీళ్లు తాగే సమయం లేదు. కొత్తవారైతే దానికి సగం కలుపుకోవాలని, మంచు ఉన్న దారైతే రెట్టింపు చేసుకోవాలని నా సలహా.

ఇక అసలు విషయం. కేదార్‌కంఠ సుమారు 3,800 మీటర్ల ఎత్తున ఉంది. మన గుంటూరు సముద్రమట్టానికి ముప్పై మీటర్లకు కాస్త అటూఇటూ ఉంటుంది. 2,500 మీటర్లు దాటిన తరువాత గాలిలో ప్రాణవాయువు పీడనం తగ్గడం వల్ల తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం ఎవరికైనా రావచ్చు, రోజూ పరుగెత్తే యువకులకు కూడా. అందుకే నిర్వాహకులు ఇచ్చే కార్యక్రమ పట్టికలో ఎక్కడెక్కడ ఏమేమి చూస్తారన్నది పక్కన పెట్టి, ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకుంటారో ఒక కాగితం మీద రాసుకోండి. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ మధ్య తేడా 500 మీటర్లకు మించకుండా, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తున విశ్రాంతి ఉండేలా చూడమని వైద్యులు చెబుతారు. పట్టిక అలా లేకపోతే ఒక రోజు ఎక్కువ అడగండి. ఖర్చు పెరుగుతుందని మొహమాటపడవద్దు. తలనొప్పి మొదలయ్యాక పైకి ఎక్కకూడదు. అది తగ్గకుండా మాట తడబడినా, అడుగు తూలినా, కూర్చున్నా ఆయాసం తీరకపోయినా అర్ధరాత్రి అయినా సరే కిందికి దిగవలసిందే. మందుల సంగతి మీ వైద్యుణ్ణి అడగండి, తోటివారి సంచిలోని మాత్ర వేసుకోకండి.

సాధనకు మీరు దూరం వెళ్లనక్కరలేదు. మంగళగిరి మెట్లు ఉన్నాయి. వారానికి రెండు మూడుసార్లు పానకాల స్వామి గుడి దాకా ఎక్కండి, అలవాటయ్యాక ఆ పైన గండాల స్వామి దాకా వెళ్లండి. సంచిలో రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు పెట్టుకుంటే నాలుగు కిలోల బరువవుతుంది. మోకాళ్లు నొప్పి పెడితే పైన ఆ నీళ్లు ఏ చెట్టుకో పోసి తేలికగా దిగవచ్చు. చాలామంది ఎక్కడానికే భయపడతారు గానీ, మోకాళ్లకూ తొడలకూ అసలు పరీక్ష దిగేటప్పుడే ఎదురవుతుంది. బూట్లు సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మందపాటి మేజోళ్లతో వేసి చూసి కొనండి. దిగుడులో వేళ్లు ముందుకు జారి బూటు కొనకు తగిలితే గోళ్లు నల్లబడతాయి. ఒకసారి కొండవీడు నుంచి దిగాక నా రెండు బొటనవేళ్ల గోళ్లూ అలాగే ఊడాయి. చీలమండ దగ్గర తాడు బిగించి కట్టి ఉంటే ఆ అవస్థ ఉండేది కాదు.

ప్రశ్న: మేము ఎనిమిది మంది కళాశాల విద్యార్థులం. గత డిసెంబరులో కొండపల్లి వైపు ఒక కొండ ఎక్కుదామని మధ్యాహ్నం మూడింటికి బయలుదేరాం. దిగేటప్పుడు దారి తప్పి, ఒక వాగు వెంట ఫోను వెలుతురులో రాత్రి ఎనిమిదింటికి ఊరు చేరాం. దారి తప్పకుండా ఉండాలంటే ఏ యాప్ మంచిది?
– విద్యార్థులు, విజయవాడ

జవాబు: మీకు కరవైంది యాప్ కాదు, పొద్దు. డిసెంబరులో మన ప్రాంతంలో అయిదున్నర దాటిన కొద్దిసేపటికే సూర్యుడు అస్తమిస్తాడు; కొండ నీడ పడే లోయలో, చెట్ల కింద అంతకంటే ముందే చీకటి కమ్ముతుంది. మూడింటికి కింద నిలబడినప్పుడే మీ చేతిలో రెండున్నర గంటలు కూడా లేవు. ఇలాంటి నడకకు తెల్లవారుజామున బయలుదేరాలి. వెనుదిరిగే వేళ ఇదీ అని కొండ కిందే అందరూ ఒప్పుకుని, శిఖరం పది నిమిషాల దూరంలో కనిపిస్తున్నా ఆ వేళకు తిరగాలి. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి ఫోను చేస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

రెండో పొరపాటు వాగు పట్టుకోవడం. నీరు కిందికే పోతుంది కాబట్టి వాగు ఊరికి చేరుస్తుందన్న ఆలోచన సహజమే. కానీ నీరు దూకిన చోట మనిషి దూకలేడు; ఎండిన వాగులు నిట్టనిలువు బండల దగ్గర ఆగిపోవడం మన కొండల్లో మామూలే. మేకల బాటలూ అంతే, అవి మేతకు పోతాయి గానీ ఊరికి పోవు. దారి తప్పామని అనుమానం వచ్చిన చోటే ఆగి, చివరిసారి కచ్చితంగా గుర్తుపట్టిన చోటికి వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలి. సిగ్నల్ లేకపోయినా తెరుచుకునేలా పటాన్ని ముందే ఫోనులో దింపుకోండి. సర్వే ఆఫ్ ఇండియా పటాలలో 1:50,000 నిష్పత్తివి దొరికితే ఇంకా మంచిది; వాటిలో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు, సమోన్నత రేఖలు (ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీసిన గీతలు) దగ్గరదగ్గరగా ఉన్న చోట వాలు నిటారుగా ఉన్నట్లు. తలకు కట్టుకునే దీపం మనిషికొకటి తీసుకువెళ్లండి. ఫోను వెలుతురు కోసం కాదు, సహాయం పిలవడానికి మిగలాలి.

మీరు రాయని మరో సంగతి ఉంది. కొండపల్లి కొండల్లో చాలా భాగం రిజర్వు అడవి. అనుమతి లేకుండా రిజర్వు అడవిలోకి వెళ్లడం రాష్ట్ర అటవీ చట్టం ప్రకారం నేరం. ముందుగా అటవీ శాఖ కార్యాలయంలో అడిగి వెళ్లండి; ఏ దారి తెరిచి ఉందో, ఎక్కడ ఎలుగుబంట్లు తిరుగుతున్నాయో అక్కడివారికి తెలిసినంతగా ఏ యాప్‌కూ తెలియదు.

ప్రశ్న: నడకలో పాము కరిస్తే కాటు పైన తాడు కట్టాలా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. రక్తపింజర కాటుకు బిగువుగా కట్టు కడితే ఆ అవయవానికే ముప్పు. ఉంగరాలు, పట్టీలు, బూటు వెంటనే తీసేయాలి, ఎందుకంటే వాపు వస్తుంది. కాలైతే కర్రతో పాటు వదులుగా గుడ్డ చుట్టి కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుంటూ దించి, 108కు ఫోను చేసి, విషవిరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. పామును చంపి తీసుకువెళ్లే ప్రయత్నంలో రెండో మనిషి కాటు తినవద్దు. మన దగ్గర వాడే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపొడ పింజర నాలుగింటికీ కలిపి తయారైనదే.