డీజిల్ అయిపోయి ఆగిన ట్రాక్టర్‌కు ముందు సెల్ఫ్ కొట్టడం మానండి

ట్యాంకు పూర్తిగా ఖాళీ అయి ఆగిపోయిన ట్రాక్టర్‌లో మళ్లీ డీజిల్ పోసినా ఎందుకు స్టార్ట్ కావడం లేదు, మెకానిక్ రాకుండా మనమే నడిపించుకోవచ్చా అని అడిగారు. పాత రకం డీజిల్ పంపు ఉన్న బండి అయితే, పానా పట్టడం వచ్చిన ఎవరైనా నడిపించుకోవచ్చు. అయితే అన్నిటికన్నా ముందు తాళం చెవి తీసి జేబులో వేసుకోండి. పైపుల్లోకి గాలి చేరిన తరువాత పంపు ఎంత కొట్టినా ఆ గాలి నలుగుతుందే తప్ప సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిల్ తెరుచుకునేంత ఒత్తిడి పుట్టదు కాబట్టి, అదే పనిగా సెల్ఫ్ కొట్టడం వల్ల బ్యాటరీ దిగిపోవడం, సెల్ఫ్ మోటారు కాలిపోవడం తప్ప ప్రయోజనం లేదు. మా వరంగల్ చుట్టుపక్కల దుకాణాలకు రిపేరుకు వచ్చే సెల్ఫ్ మోటార్లలో సగం ఇలా కాల్చుకున్నవేనని నా గట్టి నమ్మకం.

కొన్నేళ్ల క్రితం యాసంగి నాట్ల సమయంలో నెక్కొండ దగ్గర మా బావ పొలంలో ఇదే జరిగింది. కరిగెట (నాటుకు ముందు బురద దున్నకం) చేస్తున్న ట్రాక్టర్ ఒక పక్క ఇనుప చక్రం లోతుగా దిగబడి ఒరిగిపోయింది. ట్యాంకులో మిగిలిన కాస్త డీజిల్ అవతలి మూలకు చేరడంతో, ముల్లు ఇంకా ఎర్ర గీత పైనే ఉండగా ఇంజన్ దగ్గి ఆగిపోయింది. ఎకరానికి ఇంత అని గుత్తకు మాట్లాడుకుని బీహార్ నుంచి వచ్చిన నాటు కూలీలు గెట్టు మీద కూర్చుని మా వైపే చూస్తున్నారు. నేను వెళ్లేసరికి డ్రైవర్ పిల్లవాడు డబ్బాతో డీజిల్ పోసి, బ్యాటరీ మూలిగేదాకా సెల్ఫ్ కొట్టి, ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగి ఫిల్టర్లకు పంపే చిన్న పంపు) చేతి మీటను ఆడిస్తున్నాడు. ఆ మీట ఏ బరువూ లేకుండా వదులుగా ఊగుతోంది. "కాకా, ఫీడ్ పంపు ఖతమైంది, వరంగల్ నుంచి మెకానిక్‌ను పిలుద్దాం" అన్నాడు.

పంపుకు ఏమీ కాలేదు. లోపలి క్యామ్ ఎత్తు సరిగ్గా పంపు చేతి కిందికి వచ్చి ఇంజన్ ఆగినప్పుడు, లోపలి పొర అప్పటికే లాగబడి ఉంటుంది కాబట్టి, బయటి మీటకు లాగడానికి ఏమీ మిగలదు. సెల్ఫ్‌ను ఒక్క క్షణం తాకించి ఇంజన్‌ను కొద్దిగా తిప్పమన్నాను. ఆ తరువాత అదే మీట వేలికి గట్టిగా తగిలింది. ఫిల్టర్ పైన ఉన్న గాలి స్క్రూను వదులు చేసి మీట కొడుతూ ఉంటే, మొదట తెల్లటి నురగ, తరువాత చిటపటమంటూ బుడగలు, చివరకు గాజులా తేటగా డీజిల్ వచ్చింది. అది కారుతూ ఉండగానే స్క్రూ బిగించాలి. ఆగిన తరువాత బిగిస్తే మళ్లీ గాలి పీల్చుకుంటుంది. ఫిల్టర్లు రెండుంటే ట్యాంకు వైపు దానితో మొదలుపెట్టి, ఆ తరువాత డీజిల్ పంపు దగ్గరి స్క్రూ వద్ద ఇదే పని చేయాలి. చివరగా నాజిళ్ల దగ్గరి పైపు నట్లను కొద్దిగా వదులు చేసి, పక్క పొలం నుంచి తెచ్చిన బ్యాటరీ తగిలించి, ఒక్కోసారి 10 సెకన్లకు మించకుండా, మధ్యలో విరామం ఇస్తూ సెల్ఫ్ కొట్టాము. నట్టు దగ్గర డీజిల్ ఎగదన్నడం మొదలైన కొద్దీ ఒక్కొక్కటీ బిగించాము. మొదట ఒక సిలిండర్ అందుకుంది, నల్లటి పొగ కక్కుతూ మిగిలినవీ కలిశాయి. ఆ సమయంలో డీజిల్ చిమ్మే చోట వేలు అడ్డు పెట్టకూడదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఒకప్పుడు బావి మీద ఇంజన్ ఉన్న ప్రతి ఇంట్లో ఈ పని తెలిసినవారు ఒకరుండేవారు. 2004లో ఉచిత విద్యుత్తు, 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా వచ్చాక ఆ ఇంజన్లు మూలకు చేరాయి, ఆ చేతులు కూడా కరువయ్యాయి. కరెంటు వచ్చినందుకు నాకు బాధ లేదు. పురుగుల మందు డబ్బాను ఒకసారి కడిగి, అడుగున నీళ్లు మిగిలి ఉండగానే దానిలో డీజిల్ తెచ్చే అలవాటు మాత్రం నాకు ఒళ్లు మండిస్తుంది. డీజిల్ కన్నా నీరు బరువు కాబట్టి అది ట్యాంకు అడుగుకు, అక్కడి నుంచి ఫిల్టర్ గిన్నెలోకి చేరుతుంది. అందువల్ల గాలి తీసేటప్పుడే ఆ గిన్నెను కూడా విప్పి ఒంపేయడం మంచిది.

2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు కొత్త ఉద్గార నిబంధనలు వచ్చాయి. వాటిలో కామన్ రైల్ ఇంజన్ (అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే రకం) ఉన్నదైతే నాజిల్ పైపుల జోలికి వెళ్లకండి, అక్కడి ఒత్తిడి 1,000 బార్ పైమాటే. ఫిల్టర్ మీది చేతి పంపును గట్టిపడేదాకా నొక్కి స్టార్ట్ చేసి చూడండి, కాకపోతే కంపెనీ మనిషినే పిలవండి.

ఎంత తీసినా బుడగలు ఆగకపోతే ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యనున్న రబ్బరు పైపును వంచి చూడండి. అక్కడ పంపు లోపలికి పీలుస్తుంది కనుక, సన్నటి పగులు నుంచి చుక్క డీజిల్ కూడా బయటికి కారకుండానే గాలి లోపలికి పోతుంది. ఆ పైపు ముక్కను, దాని క్లిప్పులను మార్చిన తరువాతే పంపు విప్పించే ఆలోచన చేయండి.