దూరవిద్యలో ఎంబీఏ: చేరే ముందు, చేరిన తరువాత

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దూరవిద్యలో వ్యాపార నిర్వహణ చదవడం గురించినవే. ఒకే సందేహాన్ని పలువురు వెలిబుచ్చిన చోట ఒక ఉత్తరాన్ని ఎంచుకుని, మిగిలినవారికి కూడా ఉపయోగపడేలా సమాధానం ఇస్తున్నాం.

ప్రశ్న: కాకినాడ దగ్గర ఒక నూనెల కర్మాగారంలో పదకొండేళ్లుగా షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. బీకాం చదివాను. అసిస్టెంట్ మేనేజర్‌గా పదోన్నతి రావాలంటే ఎంబీఏ ఉండాలని మా యాజమాన్యం చెబుతోంది. ఉద్యోగం మానుకుని కాలేజీకి వెళ్లే స్థితి నాకు లేదు. దూరవిద్యలో చేసే ఎంబీఏ రెగ్యులర్ ఎంబీఏతో సమానమేనా? ఎక్కడ చేరితే మంచిది?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: సమానమే. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 2020లో తెచ్చిన దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల నిబంధనలలో 22వ నిబంధన ఈ సంగతిని సూటిగా చెబుతుంది. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం దూరవిద్య ద్వారా ఇచ్చిన పట్టాను, కాలేజీకి వెళ్లి చదివి తెచ్చుకున్న అదే స్థాయి పట్టాతో సమానంగా చూడాలి. 2022 సెప్టెంబరులో యూజీసీ దీన్ని మరోసారి స్పష్టం చేసింది.

అయితే ఆ గుర్తింపు విశ్వవిద్యాలయానికి శాశ్వతంగా ఒకసారి ఇచ్చేది కాదు. ఏ కోర్సును, ఏ విద్యా సంవత్సరంలో, ఏ పద్ధతిలో నడపవచ్చునో యూజీసీలోని దూరవిద్యా విభాగం (డెబ్) విడివిడిగా అనుమతి ఇస్తుంది. ఒక విశ్వవిద్యాలయానికి ఎంఏకు అనుమతి ఉండి ఎంబీఏకు లేకపోవచ్చు, నిరుడు ఉన్న అనుమతి ఈ ఏడాది లేకపోవచ్చు. అందుచేత మీరు చేరబోయే సంవత్సరానికి, మీరు చేరబోయే కోర్సు పేరుతో సహా, యూజీసీ డెబ్ పోర్టల్‌లో ఉన్న జాబితాను మీరే తెరిచి చూడండి. మేనేజ్‌మెంట్ కోర్సు కనుక, సాంకేతిక, మేనేజ్‌మెంట్ విద్యను పర్యవేక్షించే కేంద్ర మండలి ఏఐసీటీఈ ఆమోదం సంగతి కూడా విశ్వవిద్యాలయాన్ని అడగండి. ఈ పని మరొకరికి అప్పగించవద్దని మరీ మరీ చెబుతున్నాం. 2001 నుంచి 2005 వరకు కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు తగిన అనుమతులు లేకుండా దూరవిద్యలో ఇంజినీరింగ్ ప్రవేశాలు ఇచ్చాయి. 2017 నవంబరులో సుప్రీంకోర్టు ఆ పట్టాలను నిలుపుదల చేసినప్పుడు, వాటి ఆధారంగా ఉద్యోగాల్లో స్థిరపడిన నడివయసు మనుషులు మళ్లీ పరీక్ష రాయవలసి వచ్చింది. తప్పు సంస్థలదే అయినా, శిక్ష చాలావరకు చదివినవారి మీద పడింది.

ఎక్కడ చేరాలన్న విషయంలో మీకు మొదట ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) పేరు చెబుతాం. ఆ ఎంబీఏకు ఏఐసీటీఈ ఆమోదం ఉంది. డిగ్రీలో 50 శాతం, రిజర్వేషన్ వర్గాలవారికి 45 శాతం మార్కులుంటే చాలు. ఒకప్పుడు ఉన్న ప్రవేశ పరీక్ష ఇప్పుడు లేదు, వయసు పరిమితి కూడా లేదు. విశాఖపట్నంలోనూ, విజయవాడలోనూ, హైదరాబాదులోనూ ప్రాంతీయ కేంద్రాలు ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972 నుంచి దూరవిద్య నడుపుతోంది, అది మీకు దగ్గర కూడా. పైన చెప్పిన జాబితాలో దాని ఎంబీఏ మీ సంవత్సరానికి ఉంటే నిస్సంకోచంగా పరిశీలించవచ్చు. తెలంగాణ పాఠకులకు హైదరాబాదులోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉండనే ఉంది. 1982లో మొదలైన ఆ సంస్థ దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. దానికీ, 1985లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఇగ్నోకూ తొలి ఉపకులపతి ఒక్కరే, ఆచార్య జి. రాంరెడ్డి. ఉద్యోగాలు చేసుకునేవారికి ఉన్నత విద్యను అందుబాటులోకి తెచ్చిన ఆ కృషిలో తెలుగువారి పాత్ర ఎంతో ఉంది కనుక ఈ మాటను గర్వంగానే గుర్తు చేస్తున్నాం.

చివరగా, ప్రైవేటు సంస్థలు తమ పదోన్నతి నియమాలను తామే రాసుకుంటాయి. ఫీజు కట్టకముందే, ఫలానా విశ్వవిద్యాలయపు దూరవిద్య ఎంబీఏను అంగీకరిస్తారా అని మీ హెచ్‌ఆర్ విభాగాన్ని ఈమెయిల్‌లో అడిగి, వచ్చిన జవాబును భద్రపరచుకోండి. 2024 నుంచి దూరవిద్యలో చేరేవారందరికీ డెబ్ ఐడీ అనే గుర్తింపు సంఖ్య తప్పనిసరి. దాన్ని, మీ చదువు క్రెడిట్లు నమోదయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతాతో జోడించి మీరే తయారు చేసుకోవాలి.

ప్రశ్న: మా ఊళ్లో ఒక కన్సల్టెన్సీవారు ఏడాదిలో ఎంబీఏ పూర్తి చేయిస్తామని, పరీక్షలు తామే చూసుకుంటామని అంటున్నారు. విశ్వవిద్యాలయం వేరే రాష్ట్రంలో ఉంది. సగం డబ్బు కట్టాను. మిగతాది కట్టవచ్చా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: కట్టవద్దు. మూడేళ్ల డిగ్రీ చేసినవారికి ఎంబీఏ కనీస కాలం రెండేళ్లు. మరొకరు రాసిన పరీక్షతో వచ్చే పట్టా మీ మీద క్రిమినల్ కేసుకు దారి తీయగలదు. దూరవిద్యను ఫ్రాంచైజీలకు అప్పగించడాన్ని యూజీసీ నిషేధించింది. ‘పది రోజుల ఎంబీఏ’ వంటి ప్రకటనలను నమ్మవద్దని 2024లో ప్రత్యేకంగా హెచ్చరించింది కూడా. ఇచ్చిన డబ్బుకు రసీదు, వారు పంపిన సందేశాలు దగ్గర పెట్టుకుని సొమ్ము వెనక్కి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. నిరాకరిస్తే పోలీసులకూ, వినియోగదారుల కమిషన్‌కూ ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: నాకు నలభై ఒక్క ఏళ్లు. ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయినిని. ఇద్దరు పిల్లలు. డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలోనే చదివాను. పాఠశాల పరిపాలన బాధ్యతలు అప్పగిస్తామంటున్నారు కనుక ఇగ్నో ఎంబీఏ చేయాలని ఉంది. కానీ ఇంగ్లిష్, లెక్కలు తలుచుకుంటే భయంగా ఉంది. రెండేళ్లలో పూర్తి చేయగలనా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: అమ్మా, మీరు తప్పకుండా పూర్తి చేయగలరు, కానీ రెండేళ్లలోనే పూర్తి చేయాలన్న పట్టుదల మాత్రం వద్దు. ఒక చిన్న లెక్క చూడండి. ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల పేపరుకు 120 గంటలు అవుతాయి. మొదటి సెమిస్టర్‌లో ఏడు పేపర్లు ఉన్నాయి కనుక 840 గంటలు, అంటే ఆరు నెలల్లో వారానికి సుమారు 32 గంటలు. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు ఉన్న మనిషికి రోజుకు నాలుగున్నర గంటలు దొరకడం ఎంత కష్టమో మేము మీకు చెప్పనక్కరలేదు. విశ్వవిద్యాలయం నాలుగేళ్ల వరకు గడువు ఇచ్చింది మీవంటివారిని దృష్టిలో ఉంచుకునే. ప్రతి పరీక్షల విడతకూ మూడు నాలుగు పేపర్లు చొప్పున రాసుకుంటూ వెళ్లండి. జూన్‌లో రాయలేనిది డిసెంబరులో రాయవచ్చు. మధ్యలో చదువు ఆపేసినవారిలో చాలామంది తెలివి చాలక ఆపినవారు కారు, మొదటి విడతలోనే ఏడు పేపర్లూ నెత్తిన వేసుకుని అలసిపోయినవారు.

పుస్తకాలు, పరీక్ష తెలుగులో లేవు. దీనికి మా సలహా ఏమిటంటే, ముందు విషయాన్ని తెలుగులో పట్టుకోండి. అకౌంటింగ్ పేపరుకు తెలుగు అకాడమీవారి ఇంటర్మీడియట్ వాణిజ్యశాస్త్రం పుస్తకం తెచ్చుకుని, చిట్టా (జర్నల్), ఆవర్జా (లెడ్జర్), అంకణా (ట్రయల్ బ్యాలెన్స్), ఆస్తి అప్పుల పట్టీ (బ్యాలెన్స్ షీట్) వరకు లెక్కలు చేతితో చేయండి. ఆ తరువాత ఇగ్నో పుస్తకం తెరిస్తే అందులో మీకు కొత్తగా కనిపించేది భాష మాత్రమే. క్వాంటిటేటివ్ అనాలిసిస్ పేపరులో సగటు, విచలనం, సంభావ్యత (ప్రాబబిలిటీ), ప్రతిగమనం (రిగ్రెషన్) వంటివి వస్తాయి. వాటిని రాత్రిపూట నిద్రకళ్లతో చదవవద్దు, ఆదివారం ఉదయానికి ఉంచుకోండి. ఇగ్నో పాఠాలు ఆ విశ్వవిద్యాలయపు ఆన్‌లైన్ భాండాగారం ఈజ్ఞానకోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి కాబట్టి, చేరకముందే ఒక నెల రోజులు అవి చదివి చూసి నిర్ణయం తీసుకోవచ్చు.

అసైన్‌మెంట్లకు 30 శాతం, సెమిస్టర్ చివరి పరీక్షకు 70 శాతం వెయిటేజీ ఉంటుంది. జిరాక్స్ దుకాణాల్లో అమ్మే తయారు జవాబులు కొని నకలు చేయడం చాలాచోట్ల మామూలైపోయింది. మీరు ఆ దారిన పోవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాం. ఇంగ్లిష్‌లో జవాబు రాయడం అలవాటు చేసుకోవడానికి దూరవిద్యలో మీకు ఇంతకంటే మంచి అవకాశం లేదు. మొదటి అసైన్‌మెంటును చిన్న చిన్న వాక్యాల్లో, మీ పాఠశాల ఉదాహరణలతో రాయండి. ఉపాధ్యాయుల నియామకం, జీతాల నిర్ణయం, ఫీజు బకాయిలు, తల్లిదండ్రుల ఫిర్యాదులు, ఇవన్నీ మానవ వనరులు, ఫైనాన్స్, మార్కెటింగ్ పేపర్లలోని విషయాలే. మీరు పదేళ్లుగా చూస్తున్నవాటికి పుస్తకం ఒక వరుసను ఇస్తుంది. ఇరవై ఏళ్ల విద్యార్థికి లేని ఈ అనుభవం మీకు ఉందని మరచిపోకండి.

ప్రశ్న: బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాను. ఐసెట్ రాసి కాలేజీలో చేరాలా, ఉద్యోగం చూసుకుని దూరవిద్యలో ఎంబీఏ చేయాలా?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: మీ ఇంట్లో స్థోమత ఉండి, ఐసెట్‌లో మంచి ర్యాంకుతో పేరున్న కాలేజీలో సీటు వస్తే అందులోనే చేరండి. తోటి విద్యార్థులు, ఇంటర్న్‌షిప్, ప్రాంగణ నియామకాలు దూరవిద్యలో అంత సులువుగా దొరికేవి కావు. అలాగని ఏదో ఒక కాలేజీలో చేరిపోవద్దు. గత మూడేళ్లలో తమ ఎంబీఏ విద్యార్థులకు ఏయే సంస్థలు ఉద్యోగాలిచ్చాయో కాగితం మీద చూపలేని కాలేజీకి రెండేళ్ల ఫీజు, రెండేళ్ల కాలం ఇవ్వడం కంటే, అకౌంట్స్ విభాగంలో చిన్న ఉద్యోగమైనా సంపాదించుకోవడం మేలని మా అభిప్రాయం. ఏడాది పని చేశాక దూరవిద్యలో చేరితే చదివేది ఎందుకో మీకే అర్థమవుతుంది. పని అనుభవం లేకుండా దూరవిద్య ఎంబీఏ ఒక్కటే పట్టుకుని వెళ్లిన అభ్యర్థికి ఇంటర్వ్యూల్లో చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

ప్రశ్న: నంద్యాలలో మాది హోల్‌సేల్ కిరాణా వ్యాపారం. నాన్నగారి తరువాత నేనే చూసుకుంటున్నాను. అమ్మకాలు పెరుగుతున్నా చేతిలో డబ్బు ఉండడం లేదు. ఎంబీఏ చదివితే ప్రయోజనం ఉంటుందా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: మీకు పదోన్నతి ఇచ్చే యజమాని లేడు కనుక పట్టా తప్పనిసరి కాదు. మీకు కావలసింది అందులోని ఒకటి రెండు పేపర్ల జ్ఞానం. అమ్మకాలు పెరిగేకొద్దీ చేతిలో డబ్బు తగ్గడం వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారం నడవడానికి కావలసిన డబ్బు) సమస్య. మీరు కంపెనీలకు ముందుగా చెల్లించి, చిల్లర దుకాణాలకు అరువు ఇస్తుంటే, వ్యాపారం పెరిగినప్పుడల్లా ఆ రెండింటి మధ్య ఇరుక్కునే డబ్బు కూడా పెరుగుతుంది. ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ పుస్తకం దీన్ని ఎలా కొలవాలో నేర్పుతుంది. కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ చదువుల వేదిక ‘స్వయం’లో మేనేజ్‌మెంట్ కోర్సులకు బెంగళూరు ఐఐఎం జాతీయ సమన్వయ సంస్థ. అక్కడ పాఠాలు ఉచితంగా వినవచ్చు, సర్టిఫికెట్ కావాలనుకుంటేనే పరీక్ష ఫీజు. ముందుగా అకౌంటింగ్, తరువాత ఫైనాన్స్ కోర్సు పూర్తి చేసి చూడండి.

అప్పటికీ పూర్తి ఎంబీఏ చేయాలని అనిపిస్తే ఇగ్నోలో చేరి ఫైనాన్స్ స్పెషలైజేషన్ తీసుకోండి. ప్రాజెక్టుకు అంశం వెతుక్కోవలసిన అవసరం కూడా మీకు ఉండదు. మీ ఖాతాదారులైన దుకాణదారుల్లో ఎవరు ఎన్ని రోజులకు చెల్లిస్తున్నారు, ఎవరికి ఇచ్చిన అరువు వల్ల మీకు వచ్చే లాభం కన్నా బ్యాంకుకు కట్టే వడ్డీ ఎక్కువవుతోంది అన్నది రెండేళ్ల బిల్లుల నుంచి తీసి రాయండి. ఆ పట్టిక తయారు చేయడం ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు, దానికి ప్రవేశం అక్కరలేదు.